సంక్రాంతికి ఇల్లు దులపడంలో పిల్లల్ని కలుపుకోవడం ఎలా? (అటక కూడా ఉంది)

నిడదవోలు కోడలు
డిసెంబరు 28, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నెలగంట పెట్టి పన్నెండు రోజులయింది, నేనింకా బూజుకర్ర బయటికి తీయలేదు. మాది పాత పెంకుటిల్లు. నాలుగు గదులు, వెనక వసారా, వంటింటి మీద అటక. ఆ అటక మీద ఏమేం ఉన్నాయో మా అత్తగారికి ఒక్కరికే తెలుసు. ఆవిడేమో మోకాళ్ళ నొప్పులతో నిచ్చెన ఎక్కలేరు.

పాపకి పదేళ్ళు, బాబుకి ఆరు. సెలవులు ఇచ్చారంటే ఇద్దరూ ఫోనుకి అతుక్కుపోతారు. పోయిన ఏడు నేనే ఉత్సాహపడి చెరో గుడ్డా ఇచ్చి కిటికీలు తుడవమన్నాను. అరగంటకల్లా ఊచల సందులోంచి ఒకరి మీద ఒకరు మురికినీళ్ళు చిమ్ముకున్నారు. నేను కేకలు వేశాను. మా వారు వచ్చి, "వాళ్ళని పిలవకపోతే ఈపాటికి పని అయిపోయేదిగా" అన్నారు. నిజమే, అయిపోయేది. కానీ ఇల్లు ఎలా శుభ్రపడుతుందో చూడకుండా పెరిగితే, పండగనాటికి అదే మెరుస్తుందనుకుంటారు. మా వారు అలాగే పెరిగారు. (ఆయన ఇక్కడ ఏమీ చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.)

వాళ్ళకి సరదాగా ఉండాలి, కాస్త ఏదైనా తెలియాలి, పనీ జరగాలి. ఈ మూడూ ఒక్కచోట కుదిరిన ఇల్లు ఎవరిదైనా ఉందా?


మూడో అంతస్తు
డిసెంబరు 28, రాత్రి 10:52

ఎలా చేయకూడదో నేను చెప్తానండీ. రెండేళ్ళ కిందట దసరా సెలవుల్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక పట్టిక అంటించాను. ఫ్యాను రెక్కలు తుడిస్తే 10 మార్కులు, బట్టలు మడిస్తే 5, చెప్పుల బల్ల సర్దితే 5. వంద మార్కులైతే ఐస్‌క్రీము. మొదటిరోజు ఇల్లు అద్దంలా ఉంది. మా ఆవిడ కూడా మెచ్చుకుంది.

మూడోరోజు చిన్నవాణ్ణి మంచినీళ్ళు ఇమ్మన్నాను. "ఎన్ని మార్కులు?" అన్నాడు. నాలుగోరోజు తెలిసిన సంగతి ఇంకా ఘనమైనది. పెద్దవాడు తన పనులన్నీ తమ్ముడికి పురమాయించి, సగం మార్కులు వాడికిచ్చి సగం తను రాసుకుంటున్నాడు. పదకొండేళ్ళకే కాంట్రాక్టరు అయ్యాడు. ఆ పట్టిక ఆ రాత్రే చించేశాను. ఐస్‌క్రీము బాకీ మాత్రం ఇప్పటికీ గుర్తు చేస్తారు.


సుద్దముక్క
డిసెంబరు 29, ఉదయం 6:20

అమ్మా, నేను మహబూబ్‌నగర్ వైపు ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యాను. పాత ఇల్లు అన్నారు కాబట్టి రాగి, ఇత్తడి సామాను ఉండే ఉంటుంది. మీ ప్రయోగశాల అదే.

ఒక రాగి చెంబు తీసుకోండి, నల్లబడినదైతే మరీ మంచిది. సుద్దతో దాని మీద నాలుగు భాగాలు గీయించండి. ఒక భాగానికి చింతపండు గుజ్జు, రెండోదానికి నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది, మూడోదానికి పుల్లమజ్జిగ, నాలుగోదానికి సబ్బు నీళ్ళు. రుద్దే ముందు ఏది ఎక్కువ మెరుస్తుందో పిల్లలిద్దరి చేతా కాగితం మీద రాయించండి. ఇది మరచిపోవద్దు. ముందు పందెం కట్టినవాడే చివరిదాకా చూస్తాడు. అయిదు నిమిషాలాగి కడగమనండి.

సబ్బు దగ్గర జిడ్డు పోతుంది కానీ నలుపు అలాగే ఉంటుంది. మిగిలిన మూడుచోట్లా రాగి బయటపడుతుంది. ఆ నలుపు మట్టి కాదు, రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కట్టిన పొర. దాన్ని కరిగించేది పులుపు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం. పాపకి ఈ పేర్లు చెప్పవచ్చు. బాబుకి "పుల్లనిది నలుపుని తినేస్తుంది" అంటే చాలు.

అసలు ప్రశ్న ఆ తర్వాత అడగండి. చింతపండు ఇత్తడిని ఇంత బాగా శుభ్రం చేస్తుంటే, మరి ఇత్తడి గిన్నెలో చారు ఎందుకు కాయకూడదు? కాసేపు ఆలోచించనివ్వండి. బయట నలుపుని కరిగించిన పులుపే లోపల లోహాన్నీ కరిగిస్తుంది, అది చారులోకి దిగుతుంది. అందుకే వెనకటికి కళాయివాళ్ళు వీధుల్లోకి వచ్చి ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత వేసేవారు. మీ అత్తగారిని అడగండి, గిన్నె ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా తెల్లబడటం చూసే ఉంటారు.

పచ్చటి చిలుము పట్టిన సామాను మాత్రం పిల్లలకి ఇవ్వకండి. అది విషం, పెద్దవాళ్ళే తోమాలి. ఏది తోమినా చేతులు కడుక్కున్నాకే తిండి.


రేగుచెట్టు
డిసెంబరు 29, ఉదయం 9:05

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ, నాకొక సందేహం. ప్రతి పనికీ ఒక ఆట, ఒక ప్రయోగం కట్టబెట్టాలా? నాకు డెబ్భై దాటాయి, మాది తెనాలి దగ్గర పల్లె. మమ్మల్ని ఎవరూ సరదాపెట్టలేదు. పండగంటే పని, పనంటే చేయాల్సిందే. వారం ముందు సున్నపురాళ్ళు వచ్చేవి. పెరట్లో తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికేది, పొయ్యి లేకుండానే! మేమంతా దూరంగా అరుగు మీద వరసగా కూర్చుని, ఎప్పుడు పొగలు వస్తాయా, ఏ రాయి ముందు పగులుతుందా అని చూసేవాళ్ళం. మర్నాడు అందులో నీలిమందు కలిపి మా నాన్నగారు గోడలకి వేస్తుంటే, కింద మూడడుగులు మేము వేసేవాళ్ళం. అరుగులకి జాజు, గడపలకి పసుపు. వీటిలో ఆటెక్కడిది?


గోడమీద బల్లి
డిసెంబరు 29, ఉదయం 9:31

అమ్మమ్మగారూ, "ఏ రాయి ముందు పగులుతుందా" అని వరసగా కూర్చుని చూడటాన్ని మా తరం ఆట అనే అంటుందండీ 🙂


రేగుచెట్టు
డిసెంబరు 29, ఉదయం 9:44

సరే బాబూ, దొరికిపోయాను.

అయినా నా మాట నాదే. ఆ ఆట మాకు ఎవరూ తయారుచేసి పెట్టలేదు, పనిలోంచి అదే వచ్చింది. ఇప్పటి తల్లులు పాపం ముందు ఆట కనిపెట్టి, తర్వాత దానికి పని అతికిస్తున్నారు. పిల్లలకి ఆ అతుకు కనిపిస్తుంది.


సుద్దముక్క
డిసెంబరు 29, మధ్యాహ్నం 12:10

రేగుచెట్టు గారి మాట బోర్డు మీద రాసి పెట్టుకోదగ్గది.

సున్నం గురించి రెండు ముక్కలు. నీళ్ళు పోస్తే ఉడకడం ఆ రాయి నీటితో కలిసేటప్పుడు పుట్టే వేడి. గోడకి పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడుని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిలాగే గట్టిపడుతుంది. కొలిమిలో కాల్చిన రాయి గోడ మీద తిరిగి రాయవుతుంది. నాకు ఇన్నేళ్ళకీ ఇది వింతే. కానీ తడి సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. ఇప్పటి పిల్లల్ని అరుగు మీద కూడా కాదు, ఇంకా దూరంగా కూర్చోబెట్టండి.


ఊపిరి
డిసెంబరు 29, మధ్యాహ్నం 2:40

అందరూ పాత జ్ఞాపకాల్లో ఉన్నారు, నేను కాస్త చేదుగా మాట్లాడాలి. మా అబ్బాయికి ఉబ్బసం. మూడేళ్ళ కిందట సరదాగా ఉంటుందని పరుపులు దులపడానికి మేడ మీదకి తీసుకెళ్ళాను. కర్రతో కొడుతూ ఎంత నవ్వాడో, ఆ రాత్రి ఊపిరందక అంత ఏడ్చాడు. ఇంటి దుమ్ములో కంటికి ఆనని సన్నపురుగులు ఉంటాయని, పరుపులు, దిండ్లే వాటి పుట్టిల్లని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు దుప్పట్లు, గలీబులు బాగా వేడినీళ్ళలో ఉతుకుతాం. పరుపు దులిపే రోజు వాడు మేనత్త ఇంట్లో ఉంటాడు.

మీ పిల్లలకి ఉబ్బసం లేకపోయినా బూజు దులిపేటప్పుడు వాళ్ళు ఆ గదిలో వద్దు. పొడిగా దులిపేది పెద్దవాళ్ళు, తడిగుడ్డతో తుడిచేది పిల్లలు. నిచ్చెన మీదకి పిల్లలు ససేమిరా వద్దు, కింద నిలబడి అందుకోవడమే వాళ్ళ వంతు.

ఇంకొకటి. స్నానాలగదికి వాడే ఆమ్లం, బ్లీచింగ్ పొడి రెండూ ఒకచోట కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. "ప్రయోగాలు" అనే మాట విన్న పిల్లలు ఏ రెండింటిని కలుపుతారో చెప్పలేం. ఆ సీసాలు ముందే పైన పెట్టి తాళం వేయండి.


నిడదవోలు కోడలు
డిసెంబరు 29, రాత్రి 9:50

ఊపిరి గారూ, మీరు చెప్పి మంచిపని చేశారు. పరుపులు నా జాబితాలో పిల్లల వంతుకే రాసి ఉన్నాయి, ఇప్పుడే కొట్టేశాను. సీసాలు మా వారి బీరువాలో పెట్టించాను. ఎందుకని అడిగారు, చెప్పలేదు.

చెంబు ప్రయోగం ఈరోజే అయింది. పాప నిమ్మకాయ అంది, బాబు సబ్బు అన్నాడు (సీసా మీద మెరిసే ప్లేటు బొమ్మ ఉందట). నిమ్మకాయ, ఉప్పు గెలిచాయి. బాబు ఒప్పుకోలేదు, "సబ్బుకి ఇంకొంచెం టైము ఇవ్వాలి" అని గంటసేపు చెంబు పట్టుకుని కూర్చున్నాడు. ఆ గంటలో నేను దేవుడి గది మొత్తం కడుక్కున్నాను.


మంచులో మామిడి
డిసెంబరు 30, తెల్లవారుజామున 4:15

చికాగో దగ్గర నుంచి. మాకు సంక్రాంతికి బడి సెలవులు ఉండవు, డిసెంబరు చివర్లో ఉంటాయి. అందుకని ఈ వారమే మా పండగ శుభ్రం. అటక లేదు కానీ గరాజ్ ఉంది. అటకకి తలుపు పెట్టి కారు కూడా దూర్చితే అది గరాజ్.

పొట్టయిపోయిన చలికోట్లు, బూట్లు పిల్లలే ఏరి, వాళ్ళే ఉతికి, అవసరమున్నవాళ్ళకి చేర్చే చోటుకి వాళ్ళ చేతులతోనే ఇస్తారు. మా అమ్మాయి ఈసారి ఒక కోటు జేబులో చీటీ పెట్టింది, "దీని జిప్పు సగం దగ్గర ఆగుతుంది, కొంచెం కిందికి లాగి మళ్ళీ పైకి లాగాలి" అని. ఇది మేమెవరం చెప్పలేదు.


మూడో అంతస్తు
డిసెంబరు 30, ఉదయం 8:00

మార్కుల పట్టిక చిరిగాక మా ఇంట్లో ఏమైందో చెప్పలేదు కదా. ఆ తర్వాతి పండక్కి చెప్పుల బల్ల పెద్దవాడికి పూర్తిగా అప్పజెప్పాను. "ఇది నీది. ఎలా సర్దుతావో నీ ఇష్టం, నేను చూడను." నేనైతే సైజుల వారీగా పెట్టేవాణ్ణి. వాడు రెండురోజులు గుమ్మం దగ్గర కూర్చుని, పొద్దున ఎవరు ముందు బయటికి వెళతారో చూసి ఆ వరసలో పెట్టాడు. పాలకి వెళ్ళే మా నాన్నగారివి అన్నిటికన్నా ముందు, మధ్యాహ్నం లేచే మా తమ్ముడివి అట్టడుగున. ఏడాదిన్నర అయింది, ఆ వరస చెదరలేదు. ఎవరైనా చెదిపితే వాడు ఊరుకోడు. ఐస్‌క్రీము అడగలేదు కూడా.

రేగుచెట్టు గారు చెప్పిన అతుకు ఇక్కడ లేదనుకుంటాను.


గోడమీద బల్లి
డిసెంబరు 30, ఉదయం 11:20

నా పేరు చూస్తున్నారుగా, నా వాళ్ళ తరఫున ఒక విన్నపం. పటాలు దించి తుడిచేటప్పుడు వెనక తెల్లగా, గుండ్రంగా, బఠాణీ గింజంత గుడ్లు రెండు కనిపిస్తాయి. అవి బల్లివి. మామూలుగా ఒక విడతకి రెండే పెడుతుంది. చిన్నప్పుడు మా తాతయ్య అలాంటి పటాన్ని తుడవకుండా మళ్ళీ అక్కడే తగిలించి, నన్ను రోజూ చూడమన్నారు. రోజులు లెక్కపెట్టాను, మధ్యలో మరచిపోయాను. ఒకరోజు చూస్తే రెండు పెంకులు మాత్రం ఉన్నాయి. పిల్లలు ఎటు పోయాయో! ఇప్పుడు నేను జంతుశాస్త్రం చదువుతున్నాను. ఆ పటం వల్లే అని చెప్పను కానీ, ఆ పటం లేకుండా అని కూడా చెప్పలేను.

బూజు సంగతి: గాలికి ఊగే నల్లటి బూజు చాలావరకు సాలీడు వదిలేసిపోయిన పాతగూడు, దుమ్ముపట్టి అలా అయింది. సాలీడు ఉన్న గూడు వేరేగా, తేటగా ఉంటుంది. దులిపే ముందు అందులో అద్దెకున్నవాళ్ళు ఉన్నారో లేదో పిల్లల చేత గుమ్మంలోంచి చూపించండి. కాళ్ళు లెక్కపెట్టించండి, ఎనిమిది. ఆరుంటే పురుగు, ఎనిమిదుంటే పురుగు కాదు.


నిడదవోలు కోడలు
జనవరి 4, రాత్రి 10:40

ఇక అటక కథ. కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మా వారు నిచ్చెన ఎక్కారు, నేను మధ్యలో, పిల్లలు కింద. వసారాలో దుప్పటి పరిచి దిగినవి దిగినట్టు పెట్టించాం. రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం, జాడీలు నాలుగు, విరిగిన ఉయ్యాల బల్ల, కిరసనాయిలు స్టవ్వు. మిగతావన్నీ స్టీలు సామాను. మూడు గోనెసంచుల నిండా.

పాప తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. "అమ్మా, గిన్నె మీద ఏదో రాసి ఉంది." మీ అందరి ఇళ్ళల్లోనూ ఉంటాయి కదా, కొట్టులో పేర్లు చెక్కించినవి, చుక్కలు చుక్కలుగా, వంకరటింకరగా. తను ఇంగ్లీషు మీడియం. తెలుగు చదువుతుంది కానీ ఒత్తులు వస్తే ఆగుతుంది. ఒక్కొక్క చుక్కా వేలితో తడుముతూ చదివింది. "చి. ల. సౌ." దగ్గర చిక్కుబడింది. "చిలసౌ అంటే ఎవరు?" అంది. మా అత్తగారు కుర్చీలోంచి పకపకా నవ్వి, "నేనే" అన్నారు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఆవిడ పెళ్ళికి వచ్చిన గిన్నె, 1974 మే నెల తేదీ, కింద ఇచ్చినవాళ్ళ ఇంటిపేరు.

అక్కణ్ణించి ఇద్దరూ గిన్నెలు తోమడం మానేసి చదవడం మొదలుపెట్టారు. కానీ మురికిగా ఉంటే అక్షరం కనబడదు, కాబట్టి తోమక తప్పదు! ఒక్కొక్కటి తోమడం, చదవడం, నానమ్మని "వీళ్ళు మనకేమవుతారు" అని అడగడం. మా వారి అన్నప్రాసన పళ్ళెం దొరికింది. బాబు దాన్ని తలకి టోపీలా పెట్టుకుని, "నాన్న ఇంతేనా?" అని ఊరంతా తిరిగాడు. మా ఆడపడుచు సమర్త గ్లాసులు ఆరింటికి అయిదు ఉన్నాయి. ఆరోది ఎక్కడుందో మా అత్తగారికి తెలుసట, కానీ ఆ చుట్టం పేరు చెప్పనన్నారు.

పాప నోటుపుస్తకంలో వరసలు రాసుకుంది. మధ్యలో నానమ్మ, అటూ ఇటూ గీతలు. సాయంత్రానికి నలభై మూడు గిన్నెలు, ముప్పై ఒక్క పేర్లు. వాటిలో పన్నెండుగురు నాకే తెలియదు. పదమూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను.

ఒకటి మాత్రం ఎవరిదో తేలలేదు. మూత లేని చిన్న టిఫిను గిన్నె. దాని మీద రెండక్షరాలు, ఒక ఇంటిపేరు ఉన్నాయి. మా చుట్టాల్లో ఆ ఇంటిపేరు లేదు.


చిల్లరడబ్బా
జనవరి 5, ఉదయం 7:15

అద్భుతం. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయండి, ఎవరో ఒకరు పోల్చుకుంటారు.


నిర్వాహకులు
జనవరి 5, ఉదయం 7:50

దయచేసి వద్దు. మనుషుల పేర్లు, ఇంటిపేర్లు, ఊరి వివరాలు కలిపి ఇక్కడ పెట్టకండి. గిన్నె మీదవైనా సరే.


చిల్లరడబ్బా
జనవరి 5, ఉదయం 8:05

పొరపాటయింది, క్షమించండి. బదులుగా నా వంతు ఇస్తాను.

ఇల్లు దులిపితే పోపులడబ్బా అడుగున, పాత పర్సుల్లో, దేవుడి గూట్లో చిల్లర దొరుకుతుంది. పారేయకండి. ముందు పిల్లల చేత కళ్ళు మూసుకుని తడిమి ఏది ఏమిటో చెప్పించండి. చదరంగా ఉండేది అయిదు పైసలు. అంచు అలలు అలలుగా ఉన్న అల్యూమినియంది పది. ఆరు మూలలుండి తేలిగ్గా ఉండేది ఇరవై. చదువు రానివాళ్ళు కూడా చేత్తో పోల్చుకునేలా ఉండేవి. పాతిక పైసలు, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. మీ బాబుకి వాటితో ఏమీ కొనుక్కున్న జ్ఞాపకం ఉండదు.

అదృష్టం బాగుండి అణా దొరికితే ఇంకా మంచిది. 1957 ఏప్రిల్‌కి ముందు రూపాయికి పదహారు అణాలు. నాలుగణాలు పావలా, రెండణాలు బేడ. "పదహారణాల తెలుగు పిల్ల" అంటారు కదా, ఎందుకంటారో అప్పుడు చెప్పండి. నిండు రూపాయి అన్నమాట, పైసా తక్కువ కాదు. పాప ఒక లెక్క చేయవచ్చు. నూరు పైసల్ని పదహారుతో భాగిస్తే అణాకి ఆరుంపావు పైసలు. దుకాణంలో ఆ పావు పైసా ఎవరికి పోయేదో నానమ్మనే అడగమనండి.

నాణేలు మాత్రం చింతపండుతో తోమకండి, మాస్టారు ఏమన్నా సరే. సేకరించేవాళ్ళకి ఆ పాతదనమే విలువ.


సుద్దముక్క
జనవరి 5, ఉదయం 10:30

ఏమీ అనను. మీరన్నదే సరైనది.


ఊపిరి
జనవరి 7, మధ్యాహ్నం 1:15

భోగి దగ్గరపడుతోంది. పాతవన్నీ మంటలో వేయడం ఆచారం అంటూ మా వీధిలో ఏటా టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కాలుస్తారు. ఆ పొగ మా వాడికి వారం రోజుల మంచం. పిల్లలకి ఏది కాల్చాలో, ఏది కూడదో ఎలా చెప్తున్నారు మీరంతా?


మూడో అంతస్తు
జనవరి 7, సాయంత్రం 6:30

మేము మూడు కుప్పలు పోయిస్తాం. భోగికి, పాత సామాన్లవాడికి, ఎవరికైనా పనికొచ్చేవి. భోగి కుప్పలోకి పిడకలు, ఎండుకొమ్మలు, రంగు వేయని కర్ర మాత్రమే. పోయిన ఏడు ఆ కుప్ప ఎంత చిన్నదంటే, కాలనీ మంటలో వేయడానికి ఒక విరిగిన పీట, చీపురుకట్ట పట్టుకెళ్ళాం. పాత బ్యాటరీలు, చార్జర్లు వేరే డబ్బాలో. బ్యాటరీ మంటలో పడితే పేలుతుంది, అది పిల్లలకి ఒక్కసారి చెప్తే చాలు, రెండోసారి అవసరం రాదు.

రెండో కుప్ప దగ్గర లెక్కల పాఠం అనుకోకుండా దొరికింది. పాత పేపర్లు తీసుకెళ్ళే మనిషి కొక్కెం తక్కెడకి వేలాడదీసి తొమ్మిది కిలోలన్నాడు. చిన్నవాడు లోపలికి పరిగెత్తి బరువు చూసుకునే మిషను తెచ్చాడు. ముందు తను ఎక్కి, తర్వాత కట్ట ఎత్తుకుని ఎక్కి, తేడా తీసి, పదకొండున్నర అన్నాడు. ఆ మనిషి మొహం చూడాలి. "బాబూ, ఏ క్లాసు?" అన్నాడు. నాలుగు అన్నాడు మావాడు. "అయితే పదకొండు చేసుకో" అన్నాడు. అర కిలో దగ్గర రాజీ కుదిరింది.


రేగుచెట్టు
జనవరి 10, ఉదయం 5:50

వాకిలి సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇల్లంతా మెరిసి వాకిలి బోసిగా ఉంటే ఏం లాభం? నా మనవరాలికి వీడియోలో ముగ్గు నేర్పుతున్నాను. ఏడు చుక్కలు, సందు చుక్కలు నాలుగు వచ్చేదాకా. మొత్తం ఎన్ని చుక్కలు అని అడిగాను. అది కంప్యూటర్ తీయబోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టమన్నాను. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, మళ్ళీ ఆరు, అయిదు, నాలుగు. ముప్పై ఏడు. మధ్య చుక్క చుట్టూ ఆరు, దాని చుట్టూ పన్నెండు, దాని చుట్టూ పద్ధెనిమిది అని అదే కనిపెట్టి నాకు చూపించింది. అరవై ఏళ్ళుగా వేస్తున్నాను ఆ ముగ్గు, నాకది తట్టలేదు.

పిండి బియ్యప్పిండే వాడండి. చీమలకి పండగ.


నిడదవోలు కోడలు
జనవరి 17, రాత్రి 9:30

ముక్కనుమ కూడా అయిపోయింది, ఇప్పుడు తీరిక దొరికింది.

ముందు నష్టాల చిట్టా. బాబు టీవీ రిమోటుని "బాగా మురికిగా ఉంది" అని బకెట్లో ముంచి కడిగాడు. బియ్యంలో పెట్టాం, ఎండలో పెట్టాం, లాభం లేదు. పాప పుస్తకాల అలమరని రంగుల వారీగా సర్దింది. చూడటానికి ఇంద్రధనుస్సే, ఏది ఎక్కడుందో మాత్రం తనొక్కతే చెప్పగలదు. పసుపు మరకున్న పంచె మీద సబ్బు రుద్దితే ఎర్రబడిందని ఇద్దరూ కెవ్వుమన్నారు. నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడింది. అది చూశాక ఇంకో రెండు బట్టలకి పసుపు పూసి చూశారు. మాస్టారూ, ఇది మీ ఖాతాలోనే రాస్తున్నాను. ఆ బట్టలు నాలుగురోజులుగా ఎండలో ఆరేసే ఉన్నాయి, కొంచెం కొంచెం వెలుస్తున్నాయి.

ఇక టిఫిను గిన్నె. పాప వదల్లేదు. భోగి మర్నాడు పక్కవీధి అవ్వగారు బొమ్మల కొలువు చూడటానికి వస్తే, ఆవిణ్ణి కూడా అడిగింది. ఆవిడ గిన్నె తిప్పి చూసి, "ఇది మన వెనక వీధిలో టైలరుగారిది కాదూ?" అన్నారు. అప్పుడు మా అత్తగారికి గుర్తొచ్చింది. మా వారికి అమ్మవారు పోసినప్పుడు వాళ్ళింటి నుంచి రోజూ ఇందులో పెరుగు వచ్చేదట. మా వారికి ఇప్పుడు నలభై మూడు. తర్వాత వాళ్ళు ఇల్లు మారి స్టేషను వైపు వెళ్ళిపోయారు, గిన్నె మాత్రం ఉండిపోయింది.

గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. కనుమ నాడు అందులో అరిసెలు పెట్టి పిల్లలిద్దర్నీ తీసుకుని మా వారే వెళ్ళారు. ఎప్పుడూ చుట్టాలింటికి కూడా కదలని మనిషి. టైలరుగారు లేరు, ఆయన భార్య ఉన్నారు. మంచం మీద కూర్చునే గిన్నె అందుకుని, అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నారట. పాపని అక్షరాలు చదవమన్నారట. ఒత్తు దగ్గర కూడా ఆగకుండా చదివిందని మా వారు రెండుసార్లు చెప్పారు నాకు.

బయల్దేరేటప్పుడు ఆవిడ వాకిలిదాకా కేకేశారట, "అబ్బాయ్, దీనికి మూత కూడా ఉండాలి!"

రేపు ఆదివారం మళ్ళీ నిచ్చెన వేస్తున్నాం.